పని మనది, మాట కూడా మనదే కావాలి



మన ఊళ్ళో ఎంతమంది ఆడవాళ్ళు వ్యాపారం చేస్తున్నారు? ఎవరినైనా అడిగి చూడండి. "మా ఊళ్ళో ఎవరూ లేరు" అంటారు. నిజంగా లేరా? వేళ్ళు మడిచి లెక్క పెడదాం.

పచ్చళ్ళు పెట్టి అమ్మే అక్క ఉంది. విస్తరాకులు కుట్టే అవ్వ ఉంది. మిషను మీద జాకెట్లు కుట్టే చెల్లెలు ఉంది. డెయిరీకి పాలు పోసే వదిన ఉంది. గంప నెత్తిన పెట్టుకుని కూరగాయలు అమ్మే పిన్ని ఉంది. బడిలో పిల్లలకు అన్నం వండే సంఘం ఉంది.

వీళ్ళంతా సరుకు కొంటున్నారు. పని చేస్తున్నారు. అమ్ముతున్నారు. లాభం, నష్టం చూసుకుంటున్నారు. వ్యాపారం అంటే ఇదే కదా! కానీ మనల్ని ఎవరైనా అడిగితే ఏమంటాం? "ఏదో ఖాళీగా ఉండకుండా చేసుకుంటున్నాను" అంటాం. మన పనిని మనమే తక్కువ చేసుకుంటాం.

పొదుపు సంఘాలు వచ్చాయి. బ్యాంకు అప్పు దొరికింది. అప్పుతో మిషను కొన్నాం. గేదెను కొన్నాం. అయినా చాలామంది వ్యాపారం మొదలైన చోటే ఆగిపోయింది. ఎందుకని? అప్పుతో సరుకు తయారవుతుంది. ఆ సరుకు కొనేవాళ్ళు లేకపోతే చివరికి అప్పే మిగులుతుంది.

అందుకే మనకు అప్పు ఒక్కటే చాలదు. ఇంకా మూడు కావాలి.

ఒకటి: మనకు చోటు ఇచ్చే నియమం.
రెండు: మన సరుకుకు ఆర్డరు.
మూడు: నిర్ణయాలు జరిగే చోట మనకో కుర్చీ.

ఈ మూడింటి గురించి ఇప్పుడు చదువుదాం.

అన్నిటికన్నా పెద్ద కొనుగోలుదారు ఎవరు?

మన ఊరి షావుకారా? కాదు. పట్నంలో పెద్ద షాపా? అదీ కాదు. ప్రభుత్వమే!

ఆసుపత్రికి దుప్పట్లు కావాలి. హాస్టలుకు పప్పు, కారం కావాలి. బడి పిల్లలకు యూనిఫారాలు కావాలి. ఆఫీసుకు ఫైళ్ళు, చీపుర్లు, సబ్బులు కావాలి. ఇవన్నీ ప్రభుత్వం కొంటుంది. ఏ డబ్బుతో కొంటుంది? మనం కట్టే పన్నుల డబ్బుతో. మనం అగ్గిపెట్టె కొన్నా, సబ్బు కొన్నా అందులో పన్ను ఉంటుంది. పన్ను ఆడా మగా అందరి దగ్గరా తీసుకుంటారు. మరి కొనేటప్పుడు ఆడవాళ్ళ దగ్గర ఎంత కొంటున్నారు? ఈ ప్రశ్న మనం అడగాలి.

నియమం ఏం చెబుతోంది?

2012లో కేంద్ర ప్రభుత్వం ఒక నియమం చేసింది. కేంద్ర ప్రభుత్వ శాఖలు, కేంద్ర ప్రభుత్వ కంపెనీలు తాము కొనేదాంట్లో కొంత భాగం చిన్న పరిశ్రమల దగ్గరే కొనాలి. మొదట వందకు 20 రూపాయలు అన్నారు. 2018లో దాన్ని 25 రూపాయలు చేశారు.

ఆ 25 రూపాయల్లో 4 రూపాయలు ఎస్సీ, ఎస్టీల పరిశ్రమలకు. 3 రూపాయలు ఆడవాళ్ళ పరిశ్రమలకు.

"మూడు రూపాయలేనా సారూ?" అని మా కేంద్రంలో ఒక అక్క అడిగింది. మంచి ప్రశ్న. 2012లో చేసిన నియమంలో ఆడవాళ్ళకు ప్రత్యేకంగా ఒక్క రూపాయి కూడా లేదు. ఎస్సీ, ఎస్టీల వాటా ఉంది. మన వాటా లేదు. 2018లో నియమాన్ని మార్చినప్పుడే మన వాటా చేర్చారు. అంటే ఏమిటి? నియమం రాతి మీద రాసింది కాదు. మార్చవచ్చు. మూడు చాలకపోతే పెంచమని అడగవచ్చు. ముందు ఆ మూడూ వస్తున్నాయా లేదా చూడాలి.

ఈ నియమంలో ఇంకా కొన్ని మేళ్ళు ఉన్నాయి.

టెండరు ఫారం ఉచితంగా ఇవ్వాలి.
ధరావతు కట్టమని అడగకూడదు.
పెద్ద కంపెనీ వంద రూపాయలకు ఇస్తానంది అనుకోండి. మనం 112 రూపాయలు రాశాం. వెంటనే మనల్ని తీసేయరు. వందకు 15 రూపాయల తేడా లోపల ఉన్న చిన్న పరిశ్రమను "మీరూ వంద రూపాయలకు ఇస్తారా?" అని అడగాలి. మనం ఒప్పుకుంటే ఆర్డరులో కొంత భాగం మనకు ఇవ్వవచ్చు.

ఒప్పుకునే ముందు మన ఖర్చు లెక్క వేసుకోవాలి సుమా! ఖర్చు 105 రూపాయలు అయితే వంద రూపాయలకు ఒప్పుకోకూడదు. ఆర్డరు వచ్చిందన్న సంతోషంలో నష్టానికి సంతకం పెట్టవద్దు.

ఇంకో మాట. ఈ నియమం సరుకు తయారు చేసేవాళ్ళకు, సేవలు అందించేవాళ్ళకు. కొని అమ్మేవాళ్ళకు కాదు. ఇది కేంద్ర ప్రభుత్వ కొనుగోళ్ళకు మాత్రమే. రాష్ట్ర ప్రభుత్వం కొనే వాటికి రాష్ట్రం నియమాలు వేరుగా ఉంటాయి.

పేరు ఎవరిది? వ్యాపారం ఎవరిది?

ఆడవాళ్ళ పరిశ్రమ అంటే ఏమిటి? ఒక్కరే నడిపితే ఆ యజమాని ఆడమనిషి అయి ఉండాలి. కొందరు భాగస్వాములు కలిసి నడిపితే వందకు 51 వంతుల వాటా ఆడవాళ్ళదే కావాలి. సగం కన్నా ఒక వంతు ఎక్కువ. ఎందుకు? సగానికి మించి ఉంటేనే మాట చెల్లుతుంది.

ఇక్కడ ఒక మోసం జరుగుతుంది. ఆడవాళ్ళకు వాటా ఉందని తెలియగానే కొందరు మగవాళ్ళు భార్య పేరున, వదిన పేరున కాగితాలు చేయిస్తారు. "ఇక్కడ సంతకం పెట్టు, చాలు" అంటారు. లాభం వస్తే వాళ్ళది. అప్పు కట్టకపోతే బ్యాంకు నోటీసు ఎవరికి వస్తుంది? సంతకం పెట్టినవాళ్ళకు! సరుకు చెడిపోతే కేసు ఎవరి మీద పడుతుంది? కాగితంలో పేరున్నవాళ్ళ మీద!

అందుకే, అక్కలారా! చదవకుండా సంతకం పెట్టకండి. అర్థం కాకపోతే చదివించుకోండి. కాపీ ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. "నా మీద నమ్మకం లేదా?" అని ఎవరైనా కోపం చేసుకుంటే ఇలా చెప్పండి: "నమ్మకం ఉంది. అయినా చదువుకున్నాను కదా, చదువుతాను."

గుర్తింపు కాగితం

ఈ మేళ్ళు కావాలంటే వ్యాపారానికి గుర్తింపు ఉండాలి. దాన్ని ఉద్యం నమోదు అంటారు. 2020 జులై 1 నుంచి ఇది అమలులో ఉంది. ఆధార్ కార్డు, పాన్ కార్డు కావాలి. కంప్యూటరులో నమోదు చేయాలి. ఒక్కరే చేసుకోవచ్చు. పొదుపు సంఘం పేరునా చేసుకోవచ్చు.

దీనికి ప్రభుత్వం ఫీజు తీసుకోదు. ఒక్క పైసా లేదు. "రెండు వేలు ఇవ్వండి, సర్టిఫికెట్ తెస్తాను" అని ఎవరైనా వస్తే నమ్మకండి. జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్ళి అడగండి. జిల్లా కేంద్రంలో ఆ ఆఫీసు ఉంటుంది.

టెండరు అంటే ఏమిటి?

ప్రభుత్వం ఏదైనా కొనాలంటే ప్రకటన ఇస్తుంది. "మాకు ఇంత సరుకు కావాలి. ఎవరు ఎంతకు ఇస్తారో రాయండి" అంటుంది. అదే టెండరు. ఇప్పుడు చాలా ప్రకటనలు కంప్యూటరులోనే వస్తాయి. 2016లో కేంద్ర ప్రభుత్వం దీనికోసం ఒక పెద్ద బజారు కంప్యూటరులోనే పెట్టింది. దాని పేరు జెమ్. ఆ బజారులో ఆడవాళ్ళ సరుకుకు వేరే చోటు కూడా ఉంది. దాని పేరు వుమనియా.

టెండరులో ధర ఒక్కటే ఉండదు. షరతులు ఉంటాయి. "గత మూడేళ్ళలో ఇన్ని కోట్ల వ్యాపారం చేసి ఉండాలి." "ఇంత పెద్ద మిషను ఉండాలి." "జిల్లా మొత్తానికి ఒక్కరే ఇవ్వాలి." ఇలాంటి షరతు ఒక్కటి చాలు. నియమంలో మనకు చోటు ఉన్నా, షరతు దగ్గర మనం ఆగిపోతాం. తలుపు తెరిచే ఉంటుంది. గడప మాత్రం నడుమెత్తు ఉంటుంది!

ఇది ఊరికే చెప్పే మాట కాదు. నిజంగా జరిగింది. వినండి.

మహారాష్ట్ర సంఘాల కథ

అంగన్‌వాడీలలో పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు పోషకాహారం ఇస్తారు. ఈ ఆహారం ఎవరు సరఫరా చేయాలి? 2004 అక్టోబరు 7న సుప్రీంకోర్టు దీని మీద ఒక ఉత్తర్వు ఇచ్చింది. అంగన్‌వాడీ ఆహారానికి కాంట్రాక్టర్లను పెట్టకూడదు అంది. ఊరి వాళ్ళకు, పొదుపు సంఘాలకు, మహిళా మండళ్ళకు ఆ పని ఇవ్వడం మంచిది అంది.

ఎంత మంచి ఉత్తర్వు! ఊరి ఆడవాళ్ళే వండుతారు. ఊరి పిల్లలే తింటారు. డబ్బు ఊళ్ళోనే ఉంటుంది.

మరి తర్వాత ఏమైంది? మహారాష్ట్రలో 2016లో ఈ ఆహారం కోసం టెండరు పిలిచారు. ఎన్నో చిన్న ప్రాంతాలను కలిపి పెద్ద పెద్ద ముక్కలు చేశారు. ఒక్కో ముక్కకు ఒక్కరే సరఫరా చేయాలి. పెద్ద వ్యాపారం చేసినవాళ్ళకే సరిపోయే షరతులు పెట్టారు. పది మంది కలిసి నడిపే చిన్న సంఘం అంత పెద్ద పని ఎలా తీసుకుంటుంది? తీసుకోలేదు. పేరుకు అందరికీ తలుపు తెరిచారు. నిజానికి చిన్న సంఘాలు బయటే ఉండిపోయాయి.

ఆ సంఘాల ఆడవాళ్ళు ఊరుకోలేదు. కోర్టుకు వెళ్ళారు. వైష్ణోరాణి మహిళా బచత్ గట్ అనే సంఘం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. బచత్ గట్ అంటే మరాఠీలో పొదుపు సంఘం. 2019 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది. ఆ టెండరు చెల్లదని సుప్రీంకోర్టు కొట్టివేసింది. చిన్న సంఘాలను బయట పెట్టే షరతులు సరికావు అంది.

ఈ కథ మనకు ఏం చెబుతోంది? 2004లో ఉత్తర్వు వచ్చింది. 2019 దాకా పోరాడవలసి వచ్చింది. ఉత్తర్వు కాగితం మీద ఉంటే చాలదు. టెండరు కాగితంలో ఏ షరతు ఉందో కూడా చదవాలి. చదివేవాళ్ళు ఉంటేనే అడిగేవాళ్ళు ఉంటారు.

అమెరికాలో ఎలా ఉంది?

"మన దేశంలోనే ఇట్లా ఉంటుందా?" అనుకుంటున్నారా? అమెరికా చూడండి. ఎంతో ధనిక దేశం. అక్కడ కూడా ఆడమనిషి వ్యాపారానికి అప్పు అడిగితే మగ బంధువు సంతకం తెమ్మని అడిగేవాళ్ళు. కొన్ని రాష్ట్రాల చట్టాలే అలా ఉండేవి. ఆడ వ్యాపారుల సంఘాలు గట్టిగా అడిగాయి. 1988లో కొత్త చట్టం వచ్చాక ఆ పద్ధతి పోయింది.

1994లో అక్కడ ఇంకో నియమం చేశారు. కేంద్ర ప్రభుత్వం ఇచ్చే కాంట్రాక్టుల్లో వందకు 5 వంతులు ఆడవాళ్ళ వ్యాపారాలకు ఇవ్వాలి అన్నారు. ఆ 5 వంతులు మొదటిసారి ఎప్పుడు చేరాయో తెలుసా? 2015లో! నియమం పుట్టిన 21 ఏళ్ళకు. ఆ నియమం పుట్టిన ఏడు పుట్టిన ఆడపిల్ల పెరిగి పెద్దదై సొంత వ్యాపారం పెట్టే వయసు వచ్చేదాకా పట్టింది.

ఏ దేశమైనా అంతే. నియమం వచ్చాక కూడా అడుగుతూనే ఉండాలి. లెక్క చూస్తూనే ఉండాలి.

మన రాష్ట్రాల్లో దొరికిన పని

మన దగ్గర ఏమీ జరగలేదా? జరిగింది. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బడి పిల్లలకు మధ్యాహ్నం వండిన అన్నం పెట్టడం మొదలైంది. చాలా ఊళ్ళలో వంట పని డ్వాక్రా సంఘాలకే వచ్చింది. ధాన్యం కొనే కేంద్రాలను కూడా మహిళా సంఘాలు నడిపాయి. కాటా వేయడం, తేమ చూడడం, రసీదు రాయడం, అన్నీ ఆడవాళ్ళే చేశారు. "ఆడవాళ్ళకు కాటా ఏం తెలుస్తుంది?" అన్న రైతులే తర్వాత వాళ్ళ దగ్గర వరుసలో నిలబడ్డారు.

తెలంగాణలో 2024లో ప్రభుత్వ బడి పిల్లల యూనిఫారాలు కుట్టే పని మహిళా సంఘాలకు ఇచ్చారు. 2025 మార్చి 8న మండల మహిళా సమాఖ్యల బస్సులు మొదలయ్యాయి. సమాఖ్యలు బస్సులు కొన్నాయి. ఆర్టీసీకి అద్దెకు ఇచ్చాయి. టికెట్టు కొని ఎక్కిన బస్సుకే ఆడవాళ్ళు యజమానులు అయ్యారు.

డబ్బు ఎప్పుడు వస్తుంది?

ఆర్డరు వచ్చింది. సరుకు ఇచ్చాం. డబ్బు రాలేదు! ఇది మన సంఘాలకు పెద్ద జబ్బు. బిల్లు ఆరు నెలలు ఆగుతుంది. ఈ లోగా షావుకారు దగ్గర సరుకు అప్పు తెస్తాం. దాని మీద వడ్డీ కడతాం. బిల్లు వచ్చేసరికి లాభం అంతా వడ్డీకే పోతుంది. మెడలో పుస్తెలు కూడా తాకట్టుకు పోతాయి. ఇలా ఎన్ని సంఘాలు మూతపడలేదు!

దీనికి 2006లో ఒక చట్టం వచ్చింది. చిన్న పరిశ్రమ దగ్గర సరుకు కొన్నవాళ్ళు గడువులోగా డబ్బు కట్టాలి. రాసుకున్న ఒప్పందం ఉంటే అందులోని గడువు. అది ఎంత ఉన్నా 45 రోజులు దాటకూడదు. ఒప్పందం రాసుకోకపోతే 15 రోజుల్లో కట్టాలి.

కట్టకపోతే? వడ్డీ కట్టాలి. ఎంత వడ్డీ? రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు. అదీ నెల నెలా చక్రవడ్డీ.

లెక్క చేద్దాం. బ్యాంకు రేటు ఏడాదికి వందకు 6 రూపాయలు అనుకుందాం. మూడు రెట్లు అంటే 18 రూపాయలు. అంటే నెలకు నూటికి రూపాయిన్నర.

మన బిల్లు 60,000 రూపాయలు.
గడువు దాటాక మొదటి నెల వడ్డీ 900 రూపాయలు.
ఇప్పుడు బాకీ 60,900 రూపాయలు.
రెండో నెల వడ్డీ 913 రూపాయల 50 పైసలు.
రెండు నెలలకు మొత్తం వడ్డీ 1,813 రూపాయల 50 పైసలు.

ఈ వడ్డీ దయ కాదు. చట్టం ఇచ్చిన హక్కు.

డబ్బు ఇవ్వకపోతే ఫిర్యాదు చేయవచ్చు. దానికోసం ప్రతి రాష్ట్రంలో ఒక కౌన్సిల్ ఉంది. ఫిర్యాదు కంప్యూటరు ద్వారా పెట్టాలి. జిల్లా పరిశ్రమల కేంద్రంలో దారి చెబుతారు. 90 రోజుల్లో తేల్చాలని చట్టం చెబుతోంది.

అయితే రుజువు కావాలి. రుజువు అంటే కాగితం. సరుకు ఇచ్చిన రోజే రసీదు తీసుకోండి. రసీదు మీద తేదీ ఉండాలి. తీసుకున్నవాళ్ళ సంతకం ఉండాలి. గడువు లెక్క మొదలయ్యేది ఆ తేదీ నుంచే. ఉద్యం నమోదు కూడా సరుకు ఇవ్వక ముందే చేయించుకోండి. తర్వాత చేయిస్తే చిక్కులు వస్తాయి.

నిర్ణయం జరిగే చోట

ఇక మూడోది. కుర్చీ. బోర్డు అంటారు. బోర్డు అంటే బడిలో నల్లబల్ల కాదు. సంఘాన్ని, బ్యాంకును, కంపెనీని నడిపే పెద్దల గుంపు. తెలుగులో పాలకవర్గం అంటాం. పాలకు ఎంత ధర ఇవ్వాలి? ఎవరికి అప్పు ఇవ్వాలి? ఎవరి దగ్గర సరుకు కొనాలి? ఇవన్నీ అక్కడే తేలుతాయి. అక్కడ మనం లేకపోతే మన గురించి మాట్లాడేది ఎవరు?

గుజరాత్‌లో అహమదాబాదు అనే నగరం ఉంది. 1972లో ఇలా భట్ అనే ఆమె అక్కడ సేవ అనే సంఘం పెట్టింది. కూరగాయలు అమ్మేవాళ్ళు, బండ్లు లాగేవాళ్ళు, పాత బట్టలు కుట్టి అమ్మేవాళ్ళు అందులో సభ్యులు. బ్యాంకులు వాళ్ళను లోపలికి రానిచ్చేవి కావు. "అయితే మన బ్యాంకు మనమే పెట్టుకుందాం" అన్నారు. 1974లో నాలుగు వేల మంది తలా పది రూపాయలు వేసుకున్నారు. సహకార బ్యాంకు పెట్టుకున్నారు.

అప్పుడు ఒక చిక్కు వచ్చింది. బ్యాంకు కాగితాల మీద సంతకాలు కావాలి. చాలామందికి సంతకం రాదు. చదువు రాని ఆడవాళ్ళు బ్యాంకు ఏం నడుపుతారు అన్నారు అధికారులు. ఆ అక్కలు ఏం చేశారో తెలుసా? రాత్రంతా కూర్చుని సంతకం నేర్చుకున్నారు. తెల్లవారి వెళ్ళి సంతకాలు పెట్టారు. ఆ బ్యాంకు ఈ రోజుకూ నడుస్తోంది.

మన దగ్గర ములుకనూరు ఉంది. ఇది తెలంగాణలో భీమదేవరపల్లి మండలంలో ఉంది. 2000లో అక్కడ ఆడవాళ్ళ పాల డెయిరీ మొదలైంది. పేరు స్వకృషి. పాలు పోసేది ఆడవాళ్ళు. సభ్యులు ఆడవాళ్ళు. పాలకవర్గం కూడా ఆడవాళ్ళే. మామూలుగా ఏం జరుగుతుంది? గేదెను మేపేది, కడిగేది, పితికేది ఆడమనిషి. డెయిరీ పుస్తకంలో పేరు మాత్రం మగవాడిది. ములుకనూరులో పుస్తకంలో పేరు కూడా మారింది. పాల డబ్బు పాలు పితికిన చేతికే వచ్చింది.

పెద్ద కంపెనీల సంగతి ఏమిటి? 2013లో కంపెనీల చట్టం వచ్చింది. షేరు మార్కెట్టులో ఉన్న ప్రతి కంపెనీ బోర్డులో కనీసం ఒక ఆడమనిషి ఉండాలి అంది. కంపెనీలు ఏం చేశాయి? కొన్ని కంపెనీల్లో యజమాని భార్యను, కూతురిని కూర్చోబెట్టారు. ఒక కుర్చీ నిండింది. మాట మారలేదు. అందుకని షేరు మార్కెట్టును చూసే సెబీ సంస్థ నియమం బిగించింది. 2019 ఏప్రిల్ నుంచి మొదటి 500 పెద్ద కంపెనీల్లో, 2020 ఏప్రిల్ నుంచి మొదటి 1,000 కంపెనీల్లో, యజమాని కుటుంబానికి సంబంధం లేని ఒక ఆడమనిషి బోర్డులో ఉండాలి.

ఇది మనకు కొత్త కాదు కదా! ఆమె సర్పంచి అయితే ఆయన పంచాయతీ ఆఫీసులో కూర్చోవడం మనం చూస్తూనే ఉన్నాం.

సహకార సంఘాల మాటేమిటి? 2011లో రాజ్యాంగాన్ని సవరించారు. సహకార సంఘం పాలకవర్గంలో ఆడవాళ్ళకు రెండు చోట్లు ఉండాలి అన్నారు. 2021లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఒక్క రాష్ట్రంలోనే పనిచేసే సంఘాలకు ఆ సవరణ వర్తించదు అంది. రాష్ట్రాలను అడగకుండా చేశారన్నది కారణం. అందుకని మీ డెయిరీలో, మీ సొసైటీలో ఆడవాళ్ళకు చోటు ఉందో లేదో మీరే చూడాలి. బైలా అనే పుస్తకంలో అది రాసి ఉంటుంది. బైలా చూపించమని అడగండి. లేకపోతే చోటు పెట్టమని మహాసభలో తీర్మానం పెట్టండి.

కుర్చీలో కూర్చున్నాక

కుర్చీ దొరికితే పని అయిపోయినట్టు కాదు. అప్పుడే మొదలు. మూడు పనులు చేయండి.

మీటింగుకు ముందే ఏం మాట్లాడతారో కాగితం అడగండి. చదివి వెళ్ళండి.
మీటింగులో కనీసం ఒక్క ప్రశ్న అడగండి. మొదటిసారి గొంతు వణుకుతుంది. రెండోసారి వణకదు.
తీర్మానాల పుస్తకంలో ఏం రాశారో చదివాకే సంతకం పెట్టండి. ఖాళీ పేజీ మీద ఎప్పుడూ సంతకం పెట్టకండి.

మనం ఏం చేయవచ్చు?

ఒక్కరు అడిగితే "చూద్దాంలే" అంటారు. పది సంఘాలు కలిసి అడిగితే కుర్చీ వేసి కూర్చోమంటారు. మండలంలో ఒకే పని చేసే సంఘాలన్నీ ఒకచోట కూడండి. కుట్టు సంఘాలు ఒకటిగా, వంట సంఘాలు ఒకటిగా. అందరికీ ఉన్న ఇబ్బంది ఒకటి పట్టుకోండి. అర్జీ రాయండి. ఇలా రాయవచ్చు:

గౌరవనీయులైన జిల్లా కలెక్టరు గారికి,
మా మండలంలో 12 కుట్టు సంఘాలు ఉన్నాయి. హాస్టలు దుప్పట్ల టెండరు జిల్లా మొత్తానికి ఒకటే పిలుస్తున్నారు. అంత పెద్ద పని చిన్న సంఘాలు తీసుకోలేవు. కావున టెండరును మండలాల వారీగా విడదీసి పిలవవలసిందిగా కోరుతున్నాం.
ఇట్లు,
సంఘాల సభ్యులు.

కింద అందరూ సంతకాలు పెట్టండి. సోమవారం కలెక్టరు ఆఫీసులో అర్జీలు తీసుకుంటారు. ఇచ్చాక రసీదు తీసుకోండి. తేదీ రాసి పెట్టుకోండి.

లెక్క కావాలంటే సమాచార హక్కు చట్టం ఉంది. 2005లో వచ్చింది. "పోయిన ఏడాది ఈ ఆఫీసు ఎంత సరుకు కొన్నది? అందులో మహిళా సంఘాల దగ్గర ఎంత కొన్నది?" అని రాసి అడగండి. ఫీజు పది రూపాయలకు మించదు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్ళకు ఆ ఫీజు కూడా లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

నిన్నటి దాకా మనం వేలిముద్ర వేశాం. ఎవరో రాసిన కాగితం కింద వేశాం. ఇప్పుడు అక్షరాలు వచ్చాయి. కాగితం మనమే చదవగలం. మనమే రాయగలం. పచ్చడి మనం పెడితే దాని ధర చెప్పేటప్పుడు మనం ఉండాలి. పాలు మనం పితికితే ఆ లెక్క పుస్తకం మన ముందు తెరవాలి.

గుర్తుంచుకోండి

1. ఉద్యం నమోదు ఉచితం.
2. బిల్లు గడువు 45 రోజులు దాటకూడదు. ఒప్పందం రాసుకోకపోతే 15 రోజులే.
3. రసీదు మీద తేదీ, సంతకం తప్పక ఉండాలి.
4. చదవకుండా సంతకం పెట్టవద్దు.

కలిసి మాట్లాడుకోండి

1. మీ ఊళ్ళో వ్యాపారం చేసే ఆడవాళ్ళ పేర్లు రాయండి. ఎంతమంది అయ్యారు?
2. మీ ఊరి బడి, అంగన్‌వాడీ, ఆసుపత్రి ఏయే సరుకులు కొంటాయి? వాటిలో మీరు చేయగలిగినవి ఏవి?
3. మీ పాల సంఘం పాలకవర్గంలో ఆడవాళ్ళు ఎంతమంది? వాళ్ళు మీటింగులో మాట్లాడుతున్నారా?
4. మీ సంఘానికి రావలసిన బాకీ ఎంత? ఎన్ని రోజులు అయింది? ఈ పాఠంలో చూపినట్టు వడ్డీ లెక్క వేయండి.